బాపు దుకాణం, బయటి దేశం సరుకు: ముందు సంతకం సంగతి తేల్చుకో

వరంగల్ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఎనుమాముల మార్కెట్లో వాళ్లది ముప్పై ఏళ్ల మిర్చి ఖరీదు దుకాణం, అంటే యార్డు వేలంలో కొని అమ్మే దుకాణం. బాపుకి 66, చిన్నాయనకి 58, ఫర్మ్‌లో భాగస్వాములు వాళ్లిద్దరే. ఇతనికి 29. ఎంబీఏ చేసి వచ్చి నాలుగేళ్లుగా దుకాణంలో కూర్చుంటున్నాడు. మలేషియాలో ఒక వ్యాపారి తొడిమ తీసిన తేజ రకం మిర్చి ఒక కంటైనర్ కావాలంటున్నాడు. బాపు మాత్రం "నేనున్నన్ని రోజులు ఈ సముద్రాల బేరం వద్దు" అంటున్నారు. విడిగా తన పేరు మీద ఫర్మ్ పెట్టుకుని పంపాలా, బాపుని ఒప్పించాలా, ఒప్పించాలంటే ఎట్లా అన్నది ప్రశ్న.

నా కొడుకు వయసు వాడివి కాబట్టి నువ్వు అనే అంటాను. నేను ఇదే మార్కెట్లో 36 ఏళ్లు చేశాను. మొదట అడ్తి (రైతు సరుకుని కమీషన్ మీద అమ్మిపెట్టడం), తర్వాత ఖరీదు, 2009 నుంచి బయటి దేశాలకు సరుకు. ఇప్పుడు దుకాణం నా కొడుకు, నా బిడ్డ చూస్తున్నారు. నేను పొద్దున ఒక గంట పోయి చాయ్ తాగి వస్తాను. ఆ గంటకు రావడానికి నాకు ఆరేళ్లు పట్టింది, అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ముందే చెప్తున్నా. విడిగా ఫర్మ్ పెట్టొద్దు. ఈ సీజన్‌లో నీ సొంత కంటైనర్ పంపొద్దు. అట్లాగని బాపు అన్నట్టు వదిలేయనూ వద్దు.

మాకు 2012లో తగిలిన దెబ్బ చెప్తా, ఎందుకు వద్దంటున్నానో తెలుస్తుంది. జూలై నెల, ముసురు పట్టిన వారం. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన సరుకు. ఏసీలోంచి బయటికి తీసిన కాయ వాన గాలికి చెమ్మ పీల్చుకుంటుందని నీకు తెలిసే ఉంటుంది. అది చాలదన్నట్టు మా గుమాస్తా బస్తాలు కుట్టే ముందు కాయ మీద నీళ్లు చల్లించాడు. ఇది మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. చల్లకపోతే తొక్కేటప్పుడు కాయ పగులుతుంది, గింజ రాలుతుంది, తూకం పోతుంది. ఇక్కడి నుంచి నాగపూర్‌కో ఢిల్లీకో పోయే లారీలో ఆ తడి దారిలోనే ఆరిపోతుంది, అడిగేవాడు ఉండడు. మూసిన ఇనుప పెట్టెలో అట్లా కాదు. పగటి వేడికి ఆ తడి ఆవిరై పైకి లేస్తుంది, రాత్రి చల్లబడగానే పైకప్పుకి పట్టి చుక్కలు చుక్కలుగా మళ్లీ బస్తాల మీదే పడుతుంది. మలేషియా రేవు పోర్ట్ క్లాంగ్‌లో తలుపు తీసేసరికి పై రెండు వరసల బస్తాల మీద తెల్లటి బూజు. కొన్నవాడు ఫొటోలు పంపి, మూడో వంతు ధర కోసుకుని మిగతాది ఇచ్చాడు. అంతయినా ఇచ్చాడు, అది మా అదృష్టం.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. నీళ్లు చల్లొద్దని నా కొడుకు గుమాస్తాకు ముందే చెప్పాడట. గుమాస్తా "సరే చిన్న సేఠ్" అన్నాడు, చల్లించాడు. ఎందుకని నిలదీస్తే "పెద్ద సేఠ్ ఎప్పుడూ చల్లమనే కదా" అన్నాడు. ఆ రోజు నేనేమీ చెప్పలేదు, దుకాణంలోనే లేను. కానీ ముప్పై ఏళ్లుగా చెప్పింది నేనే. అప్పటికి రెండేళ్ల నుంచి నేను అందరి ముందూ "ఇక అంతా వాడిదే" అంటూనే ఉన్నాను. అంటున్నాను గానీ చెక్కు బుక్కు నా అల్మారాలో ఉండేది. రేటు అడగాలంటే అడ్తిదార్లు నాకే ఫోన్ చేసేవాళ్లు, నేనూ ఎత్తేవాణ్ని.

తమ్ముడూ, మీ ఇంట్లో ఇప్పుడున్నదీ ఇదే. బయటి దేశం బేరంలో ప్రతి కాగితం మీదా ఒక సంతకం ఉంటుంది. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బ్యాంకు ఫారం, ల్యాబ్‌కి పోయే శాంపిల్, అన్నిటికీ. కొనేవాడు రాత్రి పదింటికి మెయిల్ పెట్టి ధర అడిగితే తెల్లారేలోపు జవాబు పోవాలి. "బాపుని అడిగి చెప్తా" అనే దుకాణం అక్కడ రెండో కంటైనర్ అమ్మలేదు. మాట మీ బాపుదయినా ఫరవాలేదు, నీదయినా ఫరవాలేదు, ఒకరిదే ఉండాలి.

మరి విడిగా పెట్టుకుంటే ఆ ఒక్కరూ నేనే అవుతాను కదా అంటావు. అయి ఏం చేస్తావు? ఖరీదుదారు లైసెన్సు పాత ఫర్మ్‌ది. కోల్డ్ స్టోరేజీలో చోటు వాళ్లది. బ్యాంకు లిమిట్‌కి మీ బాపు పర్సనల్ గ్యారంటీ, మీ ఇంటి కాగితాలు పెట్టి ఉంటారు. రేపు జెండా పాటలో, అంటే యార్డు వేలంలో, ఒకే లాట్ మీద నువ్వూ మీ బాపూ పోటీ పడితే మార్కెట్ మొత్తం చూసి నవ్వుతుంది. మీ చిన్నాయన దాన్ని ఎక్స్‌పోర్ట్ అనుకోడు, పంపకాలు మొదలయ్యాయి అనుకుంటాడు. ఆయన అనుకోకపోయినా చిన్నమ్మ అనుకుంటుంది. ఆ తర్వాత నీ కంటైనర్ సంగతి ఎవరికీ పట్టదు.

ఇప్పుడు నువ్వు అడగని ఒక సంగతి. నువ్వు రాసిన దాంట్లో నాకు అన్నిటికన్నా భయం వేసిన ముక్క మలేషియా కాదు, "ఫర్మ్‌లో భాగస్వాములు ఇద్దరే" అన్నది. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే భాగస్వామి చనిపోయిన రోజే ఫర్మ్ రద్దయినట్టు. చాలామంది డీడ్‌లో, అంటే భాగస్వామ్య పత్రంలో, "ఒకరు పోయినా వ్యాపారం కొనసాగుతుంది" అని ఒక వాక్యం రాయించుకుని నిశ్చింతగా ఉంటారు. ముగ్గురో నలుగురో ఉంటే ఆ వాక్యం పనిచేస్తుంది. ఇద్దరే ఉన్నప్పుడు ఒకరు పోతే మిగిలేది ఒక్కరు, ఒక్కరితో భాగస్వామ్యం ఉండదు. డీడ్‌లో ఏం రాసుకున్నా అది నిలవదని సుప్రీంకోర్టు 2010లో తేల్చి చెప్పింది. అంటే మీ బాపుకో చిన్నాయనకో ఏమన్నా అయితే, దేవుడు అట్లా చేయకూడదు, ఫర్మ్ పోతుంది. ఫర్మ్ పాన్ మీదున్న జీఎస్టీ పోతుంది. ఎగుమతి కోడ్ కూడా పాన్‌కి కట్టేసి ఉండేదే, అదీ పోతుంది. సరుకు సముద్రం మీద ఉండగా ఇది జరిగితే డబ్బు ఏ ఖాతాలో పడాలో బ్యాంకు మేనేజర్ కూడా చెప్పలేడు.

కాబట్టి మొదటి పని, డీడ్ తిరగరాయించండి. నువ్వూ, చిన్నాయన తరఫున ఆయన కొడుకో బిడ్డో, కొత్తగా భాగస్వాములుగా రావాలి. వాటా చిన్నదయినా ఫరవాలేదు, నీకు రూపాయిలో పది పైసల వాటానే ఇచ్చినా తీసుకో. ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేట్టు రాయిస్తే లెక్కలు శుభ్రంగా ఉంటాయి. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టర్ అయి ఉందో లేదో కూడా చూడు. రిజిస్టర్ కాని ఫర్మ్, ఒప్పందం ప్రకారం తనకు రావాల్సిన బాకీ కోసం బయటివాళ్ల మీద దావా వేయడం కుదరదు. మన మార్కెట్లో ఉద్దెర మీద నడిచే ఎన్ని దుకాణాలకు ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే. వ్యాపారం పెరిగాక ఎల్ఎల్‌పీకో (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) ప్రైవేట్ లిమిటెడ్‌కో మారడం మంచిదే, కానీ అది రెండో మెట్టు. ఇప్పుడే మొదలుపెడితే మీ బాపు కాగితాలు చూసే బెదిరిపోతారు.

డీడ్ రాయించే రోజున బాపు, చిన్నాయన ఇద్దరూ వీలునామా కూడా రాయాలి. ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించడం మేలు. ధీరూభాయ్ అంబానీ అంతటి మనిషి 2002లో వీలునామా లేకుండా పోతే అన్నదమ్ముల మధ్య పంపకానికి 2005 దాకా పట్టింది. వాళ్లకు మధ్యవర్తిగా తల్లి ఉంది, లాయర్లున్నారు. మనకు మార్కెట్లో పెద్దమనుషులు ఉంటారు, వాళ్లకు మన రేట్లు తెలియడం మనకే మంచిది కాదు.

నీకు అక్క ఉందని ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. హన్మకొండలో ఉంటుంది, ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేసింది అన్నావు. అదే వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు మన రాష్ట్రంలో, అంటే అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, 1985 నుంచే వచ్చింది, అప్పటికి పెళ్లి కాని వాళ్లకు. 2005లో దేశమంతటికీ, పెళ్లయినవాళ్లకు కూడా వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్న దానితో పని లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. "మా అక్క అడగదు" అని నువ్వు అనుకోవచ్చు, నిజంగానే అడగకపోవచ్చు. నేను చెప్పేది హక్కు గురించి మాత్రమే కాదు. మా ఇంట్లో ఎక్స్‌పోర్ట్ నిలబడింది నా బిడ్డ వల్ల. మా వాడు సరుకు మనిషి, పాటలో దిగితే వెనక్కి తగ్గడు. కాగితం చూస్తే నిద్రొస్తుంది. బ్యాంకు అడిగిన బిల్లులో ఒక అక్షరం తేడా వస్తే డబ్బు పదిహేను రోజులు ఆగుతుంది. ఆ అక్షరాన్ని పట్టుకునేది నా బిడ్డ. కాజీపేటలో అత్తగారింటి నుంచే మూడేళ్లు చూసింది. జీతం ఇచ్చాం, తర్వాత వాటా ఇచ్చాం. మీ అక్కని ఒకసారి అడుగు.

జీతం అంటే గుర్తొచ్చింది. గల్లాలోంచి ఎవరికి ఎంత కావాలంటే అంత తీసుకునే పద్ధతి మీ దగ్గర ఉందా? ఉంటే ఆపించు, ముందు నువ్వు ఆపు. నెలకింత అని నీ పేరున బ్యాంకులో పడాలి, చిన్నాయన కొడుకుకీ అంతే. జీఎంఆర్ కుటుంబం తమకంటూ ఒక కుటుంబ రాజ్యాంగమే రాసుకుంది. రాజాం నుంచి విమానాశ్రయాల దాకా పోయినవాళ్లకు అది అవసరం. మన మిర్చి దుకాణానికి రెండు పేజీలు చాలు. దుకాణంలోకి ఎవరు రావచ్చు, జీతం ఎంత, ఎవరి సంతకం ఎంత వరకు చెల్లుతుంది, మాట తేడా వస్తే ఎవరి దగ్గరికి పోవాలి. ఆ నాలుగూ రాసి అందరూ సంతకం పెట్టండి, చిన్నమ్మ కూడా.

ఇక బాపుని ఒప్పించే సంగతి. ఆయన భయాన్ని తీసిపారేయకు. నువ్వు ఎప్పుడన్నా ఆయన కాయ చూసేటప్పుడు పక్కన నిలబడ్డావా? బస్తా మధ్యలోకి చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తారు, పైది ఎప్పుడూ తీయరు. పిడికిలి బిగించి చెవి దగ్గర పెట్టుకుంటారు. గలగలమంటే ఎండింది, మెత్తగా నలిగితే ఇంకా రెండు రోజులు ఆరాలి. ఒక కాయ చీల్చి లోపల గింజ రంగు చూస్తారు, గింజ నల్లబడితే లోపల బూజు మొదలయినట్టే. మా దుకాణంలో తేమ మీటరు కొన్న కొత్తలో నేను చెప్పిన అంకెకీ మీటరు అంకెకీ అర శాతం కూడా తేడా వచ్చేది కాదు. ఇది గొప్ప కోసం చెప్పట్లేదు, మీ బాపుకీ అంతే వస్తుంది. ఆ చెయ్యి నీకు ఇంకా రాలేదు. ఆయనకు రానివి, నీకు వచ్చేవి వేరే ఉన్నాయి. ఎండుమిర్చిలో తేమ 11 శాతం దాటకూడదని మన దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ రూలు. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం మసాలా దినుసుల్లో మొత్తం కలిపి మన దేశంలో కిలోకి 30 మైక్రోగ్రాముల దాకా ఒప్పుకుంటారు, యూరప్ 10 దగ్గరే ఆపేస్తుంది. ఆ 20 తేడాని ఏ పిడికిలీ చెప్పలేదు, ల్యాబే చెప్పాలి.

కాయలో మిగిలే పురుగుమందుల అవశేషాల సంగతి ఇంకా గట్టిది. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మన దిక్కున తోటలన్నీ పోయినప్పుడు రైతులు ఏది దొరికితే అది కొట్టారు. వాళ్లని తప్పుపట్టలేం. కానీ అప్పటి నుంచి ఏ ఊరి కాయలో ఏ మందు ఎంత ఉందో చూడకుండా బయటికి పంపడం అంటే జూదమే. యార్డులో పది ఊళ్ల కాయ ఒకే రాశిలో కలిసిపోతుంది. నిజంగా ఎక్స్‌పోర్ట్ చేయాలనుంటే యార్డు బయట రెండు మూడు ఊళ్ల రైతులతో ముందుగానే మాట్లాడుకోవాలి. ఏం కొట్టారు, కోతకి ఎన్ని రోజుల ముందు ఆపారు అన్నది రాసుకోవాలి. మీ బాపుని నమ్మే రైతులు ఉంటారు, నిన్ను నమ్మేవాళ్లు ఇంకా లేరు. ఇది నీకు బాపు కావాలనడానికి రెండో కారణం.

నేనయితే ఆయన్ని ఇట్లా అడుగుతాను. సీజన్ నడిచేటప్పుడు కాదు, గుమాస్తా ముందు అసలే కాదు. మే నెలలో యార్డుకు సెలవులిచ్చినప్పుడు, ఇంట్లో, చిన్నాయన కూడా ఉండగా. "బయటికి పంపుదాం" అనొద్దు. "ఒక్క సీజన్ రోజుకి 200 బస్తాల దాకా నేను కొంటా, నువ్వు పక్కనే ఉండు, కానీ పాటలో మాట నాది. నష్టం వస్తే నా జీతంలో కోసుకో" అను. అడ్తిదార్లకీ గుమాస్తాకీ ఆ మాట ఆయన నోటితోనే చెప్పించు. ఆ తర్వాత నీ 200 బస్తాల గురించి ఆయనకి ఫోన్ వస్తే "వాణ్ని అడుగు" అనాలి. నాకు ఆ రెండు ముక్కలు అనడం ఎంత కష్టమయిందో మా ఇంటావిడని అడిగితే చెప్తుంది. చివరికి గల్లా పక్కన ఉన్న నా కుర్చీని నేనే మోసుకుపోయి గోదాములో కాయ ఏరే ఆడవాళ్ల దిక్కు వేసుకున్నాను. అప్పుడు ఆగాయి ఫోన్లు. బాపుకి పని లేకుండా చేయొద్దు. శాంపిల్ ఎంచే పని ఆయనదే, నాణ్యతలో చివరి మాట ఆయనదే. ధర, కాగితం, డబ్బు నీవి.

ఈ సీజన్‌కి మాత్రం నీ మలేషియా సరుకుని ఖమ్మంలోనో గుంటూరులోనో పాత ఎక్స్‌పోర్టర్ ద్వారా పంపు. లాభం తగ్గుతుంది. అయినా ఎక్కడ తొడిమలు తీయిస్తారో, ఎట్లా ప్యాక్ చేస్తారో, మద్రాసు పోర్టు దాకా ఏ రోజు ఏ కాగితం పోతుందో వాడి ఖర్చు మీద నేర్చుకుంటావు. ఈలోపు ఫర్మ్ పేరు మీద డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య శాఖ) నుంచి ఎగుమతి కోడ్ తీసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలే. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య దాన్ని అప్‌డేట్ చేయాలి, మరిచిపోతే కోడ్ పనిచేయదు. స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్, బ్యాంకు ఏడీ కోడ్ (ఎగుమతి డబ్బు వచ్చే బ్యాంకు శాఖ నంబరు), జీఎస్టీకి ఎల్‌యూటీ (పన్ను ముందు కట్టకుండా పంపడానికి ఇచ్చే హామీ పత్రం), ఇవి ఏ సీఏ అయినా చేసిపెడతాడు.

డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త. మొదటి సరుకులకి కొంత అడ్వాన్స్, మిగతాది ఎల్‌సీ (కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) మీదో, డబ్బు కడితేనే కాగితాలు ఇచ్చే డీపీ పద్ధతిలోనో. నమ్మకం మీద ఉద్దెర మన మార్కెట్లో నడుస్తుంది, ఎందుకంటే ఎగ్గొట్టినవాడు రేపు మళ్లీ అదే యార్డులోకి రావాలి. సముద్రం అవతలివాడికి ఆ అవసరం లేదు. ఒక్కోసారి కొనేవాడు మంచివాడయినా డబ్బు రాదు. 2022లో శ్రీలంకలో డాలర్లు అయిపోయినప్పుడు మా కొనుగోలుదారు రూపాయి కూడా ఎగ్గొట్టే మనిషి కాదు, వాళ్ల బ్యాంకు దగ్గరే డాలర్ లేదు. ఐదు నెలలు ఆగాం. 2024 ఆగస్టులో బంగ్లాదేశ్ ప్రభుత్వం పడిపోయినప్పుడు సరిహద్దు దగ్గర లారీలు నిలబడ్డాయి. ఇట్లాంటి వాటి కోసమే ఈసీజీసీ అని కేంద్ర ప్రభుత్వ బీమా సంస్థ ఉంది, 1957 నుంచి నడుస్తోంది. ప్రీమియం కట్టేటప్పుడు దండగ అనిపిస్తుంది. కట్టు. ఒకే దేశానికి, ఒకే మనిషికి మొత్తం సరుకు పెట్టకు. బాపు కట్టిన ఇల్లు బ్యాంకులో ఉన్నంత కాలం, పోయినా దుకాణం ఆగని సొమ్ముతోనే బయటి బేరం చేయి.

ఇంకొకటి, చపాటా రకం మిర్చి. మన వరంగల్ చపాటాకి 2025లో జీఐ గుర్తింపు (ఇది ఈ ప్రాంతపు సరుకే అనే చట్టపరమైన గుర్తు) వచ్చింది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, టమాటా మిర్చి అని కూడా అంటారు. తేజలో గుంటూరు, ఖమ్మం వాళ్లు నీకన్నా ముప్పై ఏళ్లు ముందున్నారు. చపాటా రైతు నీ పక్క ఊళ్లోనే ఉన్నాడు. రంగు కోసం కొనేవాళ్లను ఇప్పటి నుంచే వెతుకు. మొదటి ఏడాది కాదు, తర్వాత.

మలేషియా ఆయనకి ఏం చెప్పాలన్నావు కదా. ఇవాళే మెయిల్ రాయి. ఈ సీజన్ సరుకు ఫలానా ఎక్స్‌పోర్టర్ పేరు మీద వస్తుంది, నాణ్యతకు మేము బాధ్యత, వచ్చే జనవరి నుంచి మా ఫర్మ్ పేరు మీదే ఇవ్వడానికి సిద్ధమవుతున్నాం అని. దాంతో పాటు రెండు కిలోల శాంపిల్ పంపు. ఆ రెండు కిలోలు మీ బాపు చేత ఏరించు. పంపే ముందు అందులోంచే కొంత తీసి ల్యాబ్‌కి ఇవ్వు. రిపోర్టు వచ్చాక ఆయనకి చూపించు, నీళ్లు చల్లిన బస్తాలోంచి తీసిన ఇంకో శాంపిల్ రిపోర్టు దాని పక్కన పెట్టి.